నిప్పుకీ నీళ్ళకీ మధ్య

మా అన్నయ్యకి కారు గురించి తెలిసినవి రెండే, ఎక్కడం, దిగడం. అయినా ఆ పొద్దున నేను షెడ్డు తలుపు పూర్తిగా తెరవకముందే వచ్చి తీర్పు చెప్పేశాడు.

"హెడ్ గ్యాస్కెట్ పోయిందే. ఫోన్లో అంతా చదివాను. వాళ్ళు చెప్పిన లక్షణాలన్నీ ఉన్నాయి."

"అయితే ఇంక నాతో పనేముంది? ఆ ఫోన్‌నే ఇంజన్ విప్పమను," అన్నాను.

పొద్దున్నే ఎవరైనా రోగం పేరు పట్టుకుని వస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రోగిని తీసుకొస్తే చాలు, పేరు నేను పెడతాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బానెట్ ఎత్తకముందే జబ్బు తేల్చేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. అందులో సొంత అన్నయ్య ఉంటే మరీ చిరాకు.

వాడి వెనకాల నాన్న కారు ఆగి ఉంది. ఇంటి నుంచి నా షెడ్డుకి రెండు వీధులే కాబట్టి మెల్లగా నడిపించుకొచ్చాడట. నాన్న పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. ఆయన్ని ఆ సీట్లో చూడటం నాకదే మొదటిసారి. జీవితమంతా లారీలు తోలిన మనిషి. ఎప్పుడూ తన హెవీ లైసెన్సు గురించే చెప్తాడని వీధిలో పిల్లలు ఆయన్ని హెవీ తాత అంటారు. అలాంటి మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు గది బయట వంతు కోసం చూస్తున్నవాడిలా ఉన్నాడు. వెనక సీట్లో అమ్మ, చేతిసంచీ గట్టిగా పట్టుకుని.

జరిగింది ఇదీ. ముందురోజు అన్నయ్య ఏదో పని మీద ఆ కారు తీసుకెళ్ళాడు. దారిలో, ఇంజన్ వేడి చూపించే సూది మామూలుగా ఉండే చోటు దాటి పైకి ఎక్కసాగింది. ఎర్రగీత చేరకముందే పక్కకి ఆపి, చల్లారాక బానెట్ ఎత్తి చూశాడు. ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళని మేము కూలెంట్ అంటాం. పచ్చగా తేటగా ఉండాల్సిన ఆ కూలెంట్ గోధుమరంగు బురదలా ఉంది.

"నీళ్ళలో ఆయిల్ కలిసింది. అంటే గ్యాస్కెట్ పోయింది. అంటే ఇంజన్ ఎప్పుడో బాగా కాలింది. అంటే సూది ఎర్రగీత దాటినా చూసుకోకుండా తోలాడు. అంటే ఆయనకి సూది కనిపించట్లేదు." ఒక్కో 'అంటే'కీ ఒక్కో వేలు మడిచాడు అన్నయ్య.

నాన్న కారు దిగి తలుపు మెత్తగా వేశాడు. "సూది ఒక్కనాడు కూడా ఎర్రగీత దరిదాపులకి పోలేదురా."

"నీకెలా తెలుసు?"

"తెలుసు." నా వైపు తిరిగాడు. "చిట్టీ, నువ్వు చూడు. గ్యాస్కెట్ పోయిందని నువ్వు చెప్తే తాళం వాడి దగ్గరే ఉంటుంది. మళ్ళీ స్టీరింగ్ ముట్టను. పోలేదని తేలితే తాళం నాది. ఇక ఎవరూ ఆ మాట ఎత్తకూడదు."

అన్నయ్య సరేనని తాళం నా పనిముట్ల బల్ల మీద పెట్టాడు.

మా అన్నయ్య చెడ్డవాడేమీ కాదు, భయస్తుడు. వీధుల్లో పిల్లలు ఆడుకుంటుంటారు, నాన్నకి వయసు మీద పడింది, వాడికి రోజూ అదే దిగులు. నాన్న సంగతీ నాకు తెలుసు. లారీ మానేసిన కొత్తల్లో వరండాలో కూర్చుని అరచేతులు చూసుకుంటూ, "ఇవి స్టీరింగ్ మీద లేకపోతే ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదే," అన్నాడు ఒకసారి. ఈ పాత కారు ఇంటికొచ్చాకే మళ్ళీ మనిషయ్యాడు. అమ్మని మోకాళ్ళ వైద్యానికి తీసుకెళ్ళడం, పక్కింటివాళ్ళ సామాన్లు చేరవేయడం, ఏ పనీ లేకపోతే చక్రాల్లో గాలి కొట్టించుకురావడం. ఆ తాళం పోతే ఆయన ఏమవుతాడో ఊహించడానికి కూడా నాకు ఇష్టం లేదు.

కాబట్టి గ్యాస్కెట్ బాగుండాలని నాకు బలంగా ఉంది. మెకానిక్‌కి అది మంచిది కాదు. కోరిక ఉన్న కంటికి కోరుకున్నదే కనిపిస్తుంది. అందుకని ఏ పరీక్ష చేసినా ముగ్గురి ముందే చేస్తానని చెప్పి, స్టూళ్ళు లాగి ముగ్గురినీ కారు ముందుకి పిలిచాను. కూర్చోమంటే ఎవరూ కూర్చోలేదు.

"అసలు ఆ గ్యాస్కెట్ అంటే ఏంటే?" అంది అమ్మ.

గోడ మేకుకి వేలాడుతున్న పాతదొకటి తీసి ఆమె చేతిలో పెట్టాను. పల్చటి రేకు. వరసగా నాలుగు పెద్ద చిల్లులు, వాటి చుట్టూ రకరకాల చిన్న చిల్లులు.

"ఇంజన్ అంటే రెండు ముక్కలమ్మా. కింద దిమ్మ, పైన తల. మధ్యలో ఇది. ఈ పెద్ద చిల్లుల్లో నిప్పు పేలుతుంటుంది. ఆ పక్కనే, ఇదిగో ఇక్కడ నీళ్ళు పారతాయి. ఇక్కడ ఆయిల్ ఎక్కి దిగుతుంది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దూరం ఇంతే." నా చిటికెన వేలి గోరు చూపించాను.

ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ నాకే ఒళ్ళు జలదరిస్తుంది. ఇనుమునే పగలగొట్టగలిగే మంట ఒక పక్క, దాన్ని చప్పున చల్లార్చేయగల నీళ్ళు ఇంకో పక్క. మధ్యలో మడత పెడితే మడత పడే రేకు. మనం పాటలు వింటూ, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటూ, దాని మీద కూర్చుని ఊళ్ళు తిరుగుతాం. ఈ పనిలోకి వచ్చి ఇన్నేళ్ళయినా ఇంజన్ తల ఎత్తినప్పుడల్లా నేను ఒక్క క్షణం చేతులు తుడుచుకుని ఊరికే చూస్తాను. చూడకుండా పని మొదలుపెడితే మర్యాద కాదనిపిస్తుంది.

"నిప్పూ నీళ్ళూ పక్కపక్కనే ఉండి కొట్టుకోవా?" అంది అమ్మ.

"కొట్టుకోకుండా ఇది చూసుకుంటుంది."

"పాపం," అంది ఆమె, ఆ రేకుని అటూ ఇటూ తిప్పుతూ. అన్నయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ముందు ఆయిల్ పోసే మూత తీశాను. లోపలి వైపు తెల్లటి నురగ, పాలమీగడలా అంటుకుని ఉంది. అన్నయ్య వెంటనే ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించాడు. "చూశావా, ఇదే. సరిగ్గా ఇదే."

"ఆగు," అన్నాను. ఆయిల్ మట్టం చూసే పుల్ల లాగి, తుడిచి, మళ్ళీ ముంచి తీశాను. ఆయిల్ తేనె రంగులో శుభ్రంగా ఉంది. ఎక్కడా నీటి జాడ లేదు. నీళ్ళు నిజంగా ఆయిల్లో పడితే మూత ఒక్కటే తెల్లబడదు, అడుగు నుంచీ అంతా తెల్లబడుతుంది. నాన్న తిరిగేది దగ్గర దగ్గర దూరాలు. ఇంజన్ బాగా వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది. లోపలి చెమ్మ ఆరక మూత కింద అలా పేరుకుంటుంది, మూకుడు మూతకి ఆవిరి పట్టినట్టు.

"దీంతో తేలదు," అన్నాను. "నీకూ కాదు, ఆయనకీ కాదు."

తర్వాత రేడియేటర్ మూత తీశాను. లోపల బురద అంచుల దాకా ఉంది. నాన్న ముందుకొచ్చి వేలు ముంచి తీసి, బొటనవేలితో రుద్దాడు. కళ్ళు మూసుకుని రుద్దాడు. "జిడ్డు లేదే. జారట్లేదు. ఇసకలా తగుల్తోంది."

"ఆయన అలాగే అంటాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు," అన్నాడు అన్నయ్య.

అందుకే ఆ మాట నేను ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఒక చుక్క పాత పేపరు మీద వేసి పక్కన పెట్టాను. పక్కనే ఆయిల్ పుల్ల నుంచి ఒక చుక్క వేశాను. కాసేపటికి ఆయిల్ చుక్క చుట్టూ కాగితం అద్దంలా మెరిసే వలయం విచ్చుకుంది. బురద చుక్క పొడిగా, ముద్దగా అలాగే ఉండిపోయింది. పేపరు ఎత్తి వెలుతురుకి పట్టుకుని చూపించాను. అన్నయ్య దగ్గరగా వచ్చి చూశాడు.

స్పార్క్ ప్లగ్గులు విప్పాను. నిప్పు గదిలోకి నీళ్ళు కారితే ఆ గది ప్లగ్గు మిగతావాటికన్నా తెల్లగా, ఆవిరితో కడిగినట్టు తేలుతుంది. ఇవి నాలుగూ ఒకే తల్లి పిల్లల్లా లేత గోధుమ రంగులో ఉన్నాయి. తర్వాత రేడియేటర్ నోటికి చేతిపంపు బిగించి గాలి ఒత్తిడి పెట్టాను. పంపు మీది ముల్లు నిలబడ్డట్టే నిలబడి, చాలాసేపటికి వెంట్రుకవాసి దిగింది.

"దిగింది," అన్నాడు అన్నయ్య. వాడి గొంతులో గెలుపు లేదు, దిగులే ఉంది. ఆ క్షణంలో వాడి మీద కోపం కాస్త తగ్గింది నాకు.

టార్చి వేసి వెతికాను. కింది రబ్బరు పైపు క్లిప్పు దగ్గర, చీమ తలంత చుక్క పుట్టి, పెరిగి, రాలడానికి తొందర లేనట్టు వేలాడుతోంది. క్లిప్పు ఒక చుట్టు బిగించాక ముల్లు కదలడం మానేసింది. చాలాకాలంగా రోజూ కాస్త కాస్త కూలెంట్ పోతూ ఉండాలన్నమాట. అది మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

ఇక మిగిలింది ఇంజన్ స్టార్ట్ చేసి చూడటం. ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేశాను. నాన్న పై రబ్బరు పైపుని అరచేత్తో పట్టుకున్నాడు. గ్యాస్కెట్ చీలి నిప్పుగదిలోని గాలి నీళ్ళలోకి తన్నుతుంటే, ఇంజన్ వేడెక్కకముందే ఆ పైపు రాయిలా బిగుస్తుంది. ఆయన పట్టుకున్న తీరు నాడి చూసినట్టే ఉంది. "మెత్తగానే ఉంది," అన్నాడు. నేనూ పట్టుకుని చూశాను. మెత్తగానే ఉంది. అన్నయ్య చెయ్యి కూడా తెచ్చి పెట్టాను.

ఇంజన్ వేడెక్కేదాకా ఆగి, రేడియేటర్ నోట్లోంచి కొంచెం బురద తోడేసి, చివరి పరీక్షకి గాజుగొట్టం తీశాను. అందులో నీలం రంగు ద్రవం పోస్తాం. గొట్టాన్ని రేడియేటర్ నోటి మీద కూర్చోబెట్టి, పైనున్న రబ్బరు బుడ్డి నొక్కి వదిలితే లోపలి గాలి ఆ ద్రవంలోంచి బుడగలుగా వస్తుంది. అందులో మంట తాలూకు పొగ ఒక్క రవ్వ ఉన్నా నీలం పసుపైపోతుంది. దాని ముందు ఎవరి వాదనా నిలవదు.

"నీలంగా ఉంటే తాళం నాన్నది. పసుపైతే అన్నయ్యది," అన్నాను. చెప్పాల్సిన పని లేదు, అందరికీ తెలుసు.

బుడ్డి నొక్కాను. బుడగలు లేచాయి. నీలం. మళ్ళీ నొక్కాను. నీలం. యాక్సిలరేటర్ తొక్కమని అన్నయ్యని లోపల కూర్చోబెట్టాను. ఇంజన్ గర్జిస్తోంది. ఆ ఇనుప దిమ్మ లోపల మంట పేలుతోంది, దానికి గోరంత దూరంలో నీళ్ళు పరుగెడుతున్నాయి. నా చేతిలో గొట్టంలో మాత్రం మబ్బు లేని ఆకాశమంత నీలం, చెక్కుచెదరకుండా ఉంది. ఒక్క పొగ రవ్వ కూడా ఇవతలికి రాలేదు. ఇంత ముసలి కారులో, ఇంత బురద మధ్య, ఆ పల్చటి రేకు తన పని తాను చేసుకుపోతోంది. దణ్ణం పెట్టాలనిపించింది, చేతులు ఖాళీ లేవు.

ఇంజన్ ఆపమన్నాను. "గ్యాస్కెట్ బాగుంది. ఇంజన్ ఎప్పుడూ కాలలేదు. నాన్న చెప్పిందే నిజం."

అన్నయ్య కారు దిగి, "మరి ఆ బురద ఎక్కడిది?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న.

నాకూ అప్పుడే కనిపించింది జవాబు. నీళ్ళు పోయడానికి ఆ కారులో రెండు చోట్లున్నాయి. ఒకటి రేడియేటర్ మూత. రెండోది, సన్న పైపుతో దానికి కలిసి, పక్కనుండే ప్లాస్టిక్ డబ్బా. దాని మీద ఎంతవరకు ఉండాలో చెప్పే సన్నటి గీత ఉంటుంది. రేడియేటర్ మూత చుట్టూ ఎండిన చారికలు ఆకుపచ్చవి. డబ్బా మూత చుట్టూ చారికలు ఎర్రవి. ఆ రెండు రంగుల కూలెంట్లూ విడివిడిగా మంచివే. కలిస్తే మాత్రం విరిగి, ముద్దకట్టి, ఇలా బురదవుతాయి. సన్న దారులు పూడి ఇంజన్ వేడెక్కుతుంది.

"నాన్నా, ఎర్రది ఎందుకు పోశావు? నేనిచ్చింది పచ్చది కదా."

"ఎర్రదా? నేనెప్పుడూ ఎర్రది ముట్టలేదే. పచ్చదే పోస్తాను, ఇక్కడే పోస్తాను." రేడియేటర్ నోరు చూపించాడు.

"డబ్బాలో పోయవా?"

ఆయన డబ్బా వైపు నుంచి మొహం తిప్పుకున్నాడు. అమ్మ చేతిసంచీ బల్ల మీద పెట్టింది.

"డబ్బాలో నేను పోస్తాను," అంది. "ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు. గీత కిందకి దిగితే గీత దాకా పోస్తాను. మూల కొట్టు అతన్ని కారులో పోసే నీళ్ళు కావాలని అడిగితే ఎర్రది ఇచ్చాడు. ఇల్లు తుడిచే మందు సీసాల వెనక పెడతాను. అక్కడికి మీ నాన్న చస్తే రాడు."

అన్నయ్య స్టూలు మీద కూలబడ్డాడు. "ఎప్పటినుంచి?"

"ఆయన గీత చూడటం మానేసి, రేడియేటర్లో వేలు పెట్టి చూడటం మొదలుపెట్టినప్పటినుంచి." అప్పుడామె నాన్న వైపు తిరిగింది. "కళ్ళ డాక్టరు దగ్గరికి ఒక్కరే వెళ్ళొచ్చి, అద్దాల నంబరు మారిందన్నారు. మరి కొత్త అద్దాలు రాలేదేం అనుకున్నాను. మర్నాడు పొద్దున మీ వేలు ఆకుపచ్చగా ఉంది."

నాన్న నెమ్మదిగా చెప్పాడు. "మధ్యలో మసగ్గా ఉంటుంది. పక్కలవి కనిపిస్తాయి. ఇక ఇంతే అన్నాడు డాక్టరు. నీకు తెలీదనుకున్నాను."

"సూది?" అన్నాడు అన్నయ్య. "సూది ఎర్రగీతకి పోలేదని అంత గట్టిగా ఎలా చెప్పావు?"

నాన్న అమ్మ వైపు తిరిగాడు. అప్పుడు నాకు తట్టింది. అమ్మ కారెక్కితే నోరు మూయదని ఇంట్లో అందరం ఆటపట్టిస్తాం. ఎదర బస్సు ఆగిందనీ, దీపం ఎర్రబడిందనీ, ఎవరో పిల్లాడు బంతి వెంట పడ్డాడనీ, వేడి సూది భలే మధ్యలో నిలబడిందనీ, చూసిందల్లా చెప్తూనే ఉంటుంది. ఆమె ఉంటే రేడియో దండగని అన్నయ్యే అనేవాడు. ఆమె ఎప్పుడూ ఎడమ పక్క ముందు సీటే ఎందుకు కావాలంటుందో ఒక్కరమూ అడగలేదు. ఆమె లేకుండా ఆయన ఒక్కడే కారు తీసి ఎన్నాళ్ళయిందో కూడా మేం గమనించలేదు.

నాకు ముందొచ్చింది కోపం. "అమ్మా, ఎవరినైనా గుద్ది ఉంటే? నీ నోరు ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే?"

"తప్పే," అంది అమ్మ. సర్దిచెప్పుకోలేదు. "ప్రతిసారీ ఇల్లు చేరేదాకా నా గుండె గుప్పిట్లో ఉండేది. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నాను. ఈ మనిషిని ఇంట్లో కూర్చోమనే నోరు నాకు రాలేదు."

నేను అంతకంటే తిట్టలేకపోయాను. భయం పోలేదు. అయినా ఆ భయంకంటే పెద్దదేదో వచ్చి ఎదురుగా నిలబడింది. ఇన్నాళ్ళూ కళ్ళు ఒకరివి, చేతులు ఇంకొకరివి. ఒక్క మాట ఒప్పందం లేకుండా, ఒకరికొకరు తెలియనివ్వకుండా, ఆ ఇద్దరూ కలిసి ఒక్క డ్రైవరయ్యారు. ఇంజన్ తల ఎత్తినప్పుడు ఊరికే చూస్తూ నిలబడ్డట్టే నిలబడిపోయాను.

నాన్న బల్ల దగ్గరికి వెళ్ళాడు. స్పానర్ల మధ్య చేత్తో తడిమి తాళం పట్టుకున్నాడు.

"గ్యాస్కెట్ పోలేదు. మాట ప్రకారం ఇది నాది. అవునా?"

"నీదే నాన్నా," అన్నాడు అన్నయ్య. వాడి కళ్ళు నేల మీదున్నాయి.

"నాది కాబట్టి ఇస్తున్నాను. లాక్కుని ఉంటే చచ్చినా ఇచ్చేవాణ్ణి కాదు." తాళం వాడి అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూశాడు. అన్నయ్య ఆ చేతిని అలాగే పట్టుకుని వదల్లేదు. నాన్నే విడిపించుకోవాల్సి వచ్చింది.

నేను చూసిన మగవాళ్ళలో ఓడిపోయి ఇచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. గెలిచాక ఇచ్చినవాణ్ణి ఆ రోజే చూశాను. ఆయన నాన్న కావడం నాకు గర్వంగా ఉందని అప్పుడే పైకి అనేశాను. ఆయన చిరాకు పడ్డాడు.

"కబుర్లు ఆపి పైపు ఇటివ్వు. లోపలంతా కడగాలా వద్దా?"

కింది పైపు విప్పి బకెట్ పెట్టాను. నాన్న చొక్కా చేతులు మడిచి, రేడియేటర్ నోట్లో నీళ్ళ పైపు పెట్టి పట్టుకున్నాడు. బురద ముద్దలు ముద్దలుగా దిగింది. తర్వాత చిక్కటి గోధుమ రంగు, తర్వాత పల్చటిది. బకెట్లు మార్చాను. కాసేపటికి ఆయన అలవాటుగా, కారుతున్న ధారలోకి వేలు పెట్టబోయి, ఆగాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తను తేల్చుకోవాల్సింది ఆయన ఇంకొకరిని అడగడం ఇన్నేళ్ళలో నేను వినలేదు.

"ఏమే," అన్నాడు అమ్మని, "నీళ్ళు తేటగా వస్తున్నాయా?"

అమ్మ బకెట్ మీదికి వంగి చూసింది.

"ఇంకా లేదండీ," అంది. "ఇంకాసేపు పోయండి."

ఆయన పోశాడు.